బీమా తగాదా – జ్యూరీ హక్కు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పటిలాగే నన్ను కరువు భత్యం బకాయిల మీద మాట్లాడమంటారనుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. కార్యదర్శిగారు వాటిని పక్కన పెట్టమన్నారు. క్రిందటి నెల సమావేశంలో బీమా క్లెయిముల మాట వచ్చినప్పుడు ఒక సభ్యులు లేచి రెండు ప్రశ్నలు వేశారు. అమెరికాలో బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంటే దాన్ని జ్యూరీ ముందు నిలబెట్టవచ్చునట, నిజమేనా అన్నది మొదటిది. నిజమైతే ఆ హక్కు మనకెందుకు లేదన్నది రెండవది. మనలో చాలామంది పిల్లలు అక్కడ ఉన్నారు. ఏడాదికో రెండేళ్లకో మనమూ పాలసీ కాగితం సంచిలో పెట్టుకుని వెళ్లి వస్తున్నాము. కనుక ప్రశ్న ఊసుపోక అడిగినది కాదు.

నేను ప్లీడరును కాను. సివిలు కోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరి, దావా కట్టలు మోసి, సెరిస్తాదారుగా రిటైరైనవాడిని. ఆ అనుభవానికి చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు: నిజమే. కాని అందరికీ కాదు, అన్ని పాలసీలకూ కాదు.

జ్యూరీ అనగానే మనకు ఖూనీ కేసు జ్ఞాపకం వస్తుంది. అమెరికాలో డబ్బు దావాలకు కూడా జ్యూరీ ఉంటుంది. ఆ ప్రాంతపు ఓటర్ల జాబితాల వంటి వాటిలోంచి చీటీ తీసినట్లు పేర్లు తీసి సమన్లు పంపుతారు. వచ్చినవారిని జడ్జి, ఇరుపక్షాల ప్లీడర్లు ప్రశ్నలు వేసి, కేసుతో సంబంధం ఉన్నవారిని, ముందే మనసులో ఒక తీర్పు పెట్టుకున్నవారిని పక్కకు తప్పిస్తారు. మిగిలిన వారిలో బడి పంతులు ఉండవచ్చు, లారీ డ్రైవరు ఉండవచ్చు, మనలాంటి రిటైరైన గుమాస్తా ఉండవచ్చు. ఫెడరల్ కోర్టులో వీరికి రోజుకు 50 డాలర్లు ఇస్తారు. ఆ దేశంలో అది కూలి క్రింద కూడా లెక్క కాదు. అమెరికా పౌరులైతేనే ఈ పిలుపు వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ అర్హత లేదు. పౌరసత్వం తీసుకున్న మన పిల్లలకు ఇప్పుడు ఈ సమన్లు అందుతున్నాయి. ఆఫీసులో సెలవు దొరకదని విసుక్కునే పిల్లలుంటే, ఈ ప్రసంగం పత్రికలో అచ్చయ్యాక వారికి పంపండి.

ఈ హక్కు వారి రాజ్యాంగంలోకి తేలికగా రాలేదు. 1776లో ఇంగ్లండు రాజు మీద వాళ్లు చేసిన ఫిర్యాదుల జాబితాలో, మాకు జ్యూరీ విచారణ లేకుండా చేశాడన్నది ఒకటి. అయినా 1787లో రాజ్యాంగం వ్రాసుకున్నప్పుడు క్రిమినలు కేసులకే జ్యూరీ అని వ్రాసి సివిలు సంగతి వదిలేశారు. జనం గోల చేశారు. అప్పుల తగాదాలలో పేదవాడిని సర్కారు నియమించిన జడ్జి ఒక్కడి దయకు వదిలేస్తారా అని అడిగారు. హామిల్టన్ అనే పెద్దమనిషి పనిగట్టుకుని ఒక పొడుగాటి వ్యాసం వ్రాసి, విడిగా వ్రాయనంత మాత్రాన సివిలు జ్యూరీ పోదని నచ్చజెప్పబోయాడు. జనం వినలేదు. 1791లో ఏడవ సవరణ వచ్చింది. ఇరవై డాలర్లు మించిన ప్రతి కామన్ లా దావాలోను జ్యూరీ హక్కు నిలిచి ఉంటుందని దాని సారాంశం. మన సైకిలు అలవెన్సు ఏళ్ల తరబడి మారలేదని మనం మెమొరాండంలు ఇచ్చాము. వాళ్ల ఇరవై డాలర్లు 1791 నుంచి ఇప్పటి దాకా మారలేదు. అయితే వేర్వేరు రాష్ట్రాల వారి మధ్య మామూలు డబ్బు తగాదా ఫెడరల్ కోర్టుకు రావాలంటే 75 వేల డాలర్లు దాటాలని మరో చట్టం ఉన్నది కనుక ఆ ఇరవైకి ఇప్పుడు అంత పని లేదు.

ఈ సవరణ ఫెడరల్ కోర్టులకే వర్తిస్తుందని, రాష్ట్రాల కోర్టులను కట్టివేయదని 1916లో వారి సుప్రీంకోర్టు చెప్పింది. చాలా రాష్ట్రాలు తమ సొంత రాజ్యాంగాలలో ఇటువంటి హక్కునే వ్రాసుకున్నాయి. జ్యూరీలో ఎందరుండాలన్నది కూడా చోటును బట్టి మారుతుంది. ఫెడరల్ సివిలు కేసులో ఆరుగురికి తగ్గకుండా పన్నెండుగురి దాకా ఉండవచ్చు. కక్షిదారులు వేరుగా ఒప్పుకుంటే తప్ప అందరూ ఏకగ్రీవంగా చెప్పాలి. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో పన్నెండుగురిలో తొమ్మండుగురు ఒప్పుకుంటే చాలు.

ఆ సవరణలో రెండవ వాక్యం ఒకటి ఉన్నది. నా దృష్టిలో అసలు బలం అక్కడే ఉన్నది. జ్యూరీ తేల్చిన వాస్తవాన్ని పై కోర్టు తన ఇష్టం వచ్చినట్లు తిరగదోడరాదు అని. మన దగ్గర సివిల్ ప్రొసీజర్ కోడు 96వ సెక్షను క్రింద మొదటి అప్పీలు వేస్తే, సాక్ష్యమంతా మళ్లీ మొదటి నుంచి తూకం వేయవచ్చు. క్రింది కోర్టు జడ్జిగారు సాక్షి ముఖం చూసి నమ్మింది, పై కోర్టువారు కాగితం చూసి నమ్మకపోవచ్చు. ఈ తేడా ఎంత దూరం పోతుందో ఒక పాత కేసు చెప్పి చూపిస్తాను.

అంతకు ముందు ఒక మాట. బీమా తగాదాలో కోర్టు ముందుకు వచ్చే ఇష్యూలు రెండు రకాలు. పాలసీలోని ఫలానా షరతుకు అర్థం ఏమిటి అన్నది ఒకటి. అది చట్టం సంగతి, జడ్జి చెప్పాలి. మాటకు రెండర్థాలు వస్తే కాగితం వ్రాసిన కంపెనీకి వ్యతిరేకంగానే చెప్పడం అక్కడా ఇక్కడా ఉన్న పద్ధతి. రెండవ రకం, జరిగింది ఏమిటి అన్నది. ఇల్లు కాలిందా, కాల్చారా? మనిషి పడి చనిపోయాడా, దూకాడా? జబ్బు సంగతి తెలిసి దాచారా, తెలియక వ్రాయలేదా? ఈ రెండవ రకం ప్రశ్నలకు లా డిగ్రీ అక్కరలేదు. మనుషులు ఎలా నడుచుకుంటారో తెలిసి ఉండాలి.

మన సభ్యులొకరి సతీమణి సంగతి మీకు తెలుసు. కూతురి దగ్గరకు న్యూజెర్సీ వెళ్లి అక్కడ ఆసుపత్రి పాలయ్యారు. ఇక్కడి నుంచి కొనుక్కుపోయిన ప్రయాణ పాలసీ ఉన్నది. బి.పి. మాత్ర వేసుకుంటున్న సంగతి దరఖాస్తులో వ్రాయలేదని క్లెయిము తిరగ్గొట్టారు. దరఖాస్తు నింపింది ఏజెంటు. "పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాడట. ఆవిడ లేవన్నది. మన ఇళ్లలో అరవై దాటిన ఆడవారు పొద్దున్నే తులసికోటకు నీళ్లు పోసినట్లు ఒక బి.పి. మాత్ర వేసుకుంటారు. దాన్ని జబ్బని ఎవరంటారు? ఆవిడ దాచిందా, దాచలేదా అన్నది తేల్చడానికి మన కాలనీలోంచి పన్నెండుగురిని కూర్చోబెడితే ఏమి చెబుతారో మీరే ఆలోచించుకోండి. కంపెనీ తరఫున ఒక మాట కూడా చెప్పాలి. అడిగిన ప్రశ్నకు నిజం వ్రాయకపోతే ప్రీమియం లెక్క ఎలా కట్టాలని వాళ్లు అడిగేదీ న్యాయమే. ఆ రెండింటి మధ్య తేల్చేది ఎవరు అన్నదే జ్యూరీ హక్కు.

బీమాలో ఏదీ దాచరాదన్న సూత్రం పుట్టింది కూడా జ్యూరీ కేసులోనే. 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే జడ్జి ఆ కేసు చూశాడు. సుమత్రా దీవిలో ఈస్టిండియా కంపెనీకి మార్ల్‌బరో అని ఒక కోట ఉండేది. కోటను శత్రువు పట్టుకుంటే తనకు డబ్బు రావాలని దాని గవర్నరు కార్టర్ లండనులో బీమా చేయించాడు. 1760లో ఫ్రెంచివారు వచ్చి నిజంగానే పట్టుకున్నారు. అదే యుద్ధంలో, అంతకు ముందటి ఏడు 1759లో, మన మచిలీపట్నం కోటను ఇంగ్లీషువారు ఫ్రెంచివారి దగ్గర నుంచి లాక్కున్నారు. ఇక్కడ పోయినదానికి అక్కడ వసూలు చేసుకున్నారన్నమాట. కోట బలహీనమని గవర్నరు దాచాడని బీమా ఇచ్చినవాడు వాదించాడు. లండను వర్తకులతో కూర్చిన జ్యూరీ, దాచలేదు, డబ్బు కట్టవలసిందే అన్నది. తెలిసింది దాచరాదన్న నియమాన్ని మాన్స్‌ఫీల్డ్ ఆ కేసులోనే వివరంగా వ్రాశాడు. అయితే ఆ నియమం ఇరుపక్షాలకూ వర్తిస్తుందని కూడా అదే తీర్పులో వ్రాశాడు. ఈ రెండవ సగాన్ని మన క్లెయిము ఆఫీసులలో ఎక్కువమంది చదివినట్లు కనబడదు.

ఇక నేను చెబుతానన్న పాత కేసు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరు. జాన్ హిల్‌మన్ అనే పశువుల వ్యాపారం చేసుకునే మనిషి 1878 చివర్లో శాలీ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజుల్లోనే మూడు పెద్ద కంపెనీల దగ్గర మొత్తం 25 వేల డాలర్లకు జీవిత బీమా చేశాడు. అతని సంపాదనకు అది చాలా పెద్ద మొత్తం. 1879 మార్చిలో స్నేహితుడితో పశువుల మేతకు స్థలం వెదకడానికి బండి కట్టుకుని వెళ్లాడు. మెడిసిన్ లాడ్జ్ దగ్గర క్రూకెడ్ క్రీక్ అనే వాగు ఒడ్డున మజిలీలో, స్నేహితుడి చేతిలోని తుపాకీ పొరపాటున పేలి హిల్‌మన్ చనిపోయాడని కబురు వచ్చింది.

కంపెనీలు నమ్మలేదు. శవాన్ని లారెన్స్ తెప్పించి చూపించారు. ఇది హిల్‌మన్ కాదు, వాల్టర్స్ అనే చుట్టలు చుట్టే పనివాడు, బీమా డబ్బు కోసం ఇతణ్ణి వెంటబెట్టుకుపోయి చంపారు, హిల్‌మన్ ఎక్కడో బతికే ఉన్నాడు అన్నారు. దానికి ఒక ఉత్తరం పట్టుకొచ్చారు. వాల్టర్స్ 1879 మార్చి 1న విచిటా నుంచి తాను పెళ్లాడబోయే అమ్మాయికి వ్రాసినది. హిల్‌మన్ అనే మనిషితో కలిసి వెళ్లబోతున్నానని అందులో ఉన్నది. ఆ తర్వాత వాల్టర్స్ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి.

శాలీ మూడు కంపెనీల మీదా దావాలు వేసింది. 1882లో మొదటి విచారణ జరిగింది. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 1885లో రెండవ విచారణలోనూ రాలేదు. 1888లో మూడవ జ్యూరీ ఆ శవం హిల్‌మన్‌దే, డబ్బు కట్టమన్నది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. వాల్టర్స్ ఉత్తరాన్ని ఎగ్జిబిటుగా తీసుకోకపోవడం తప్పని 1892లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక మనిషి ఫలానా చోటికి వెళ్లాలనుకుంటున్నానని వ్రాస్తే, అతని ఉద్దేశానికి అది సాక్ష్యమేనని అప్పుడు పెట్టిన నియమాన్ని అక్కడి లా కాలేజీలలో ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

నేను ఇక్కడే ఆగి ఆలోచించాను. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు, సాక్ష్యమంతా బల్ల మీద ఉన్నది. ఆ శవం ఎవరిదో వాళ్లే ఒక మాట చెప్పి ముగించవచ్చు కదా? చెప్పలేదు. చెప్పే అధికారం లేదు. మళ్లీ కాన్సాస్ పంపి, ఇంకో పన్నెండుగురిని కూర్చోబెట్టి, ఈ ఉత్తరం కూడా చూపించి అడగండి అన్నారు. నాలుగవ జ్యూరీ తేల్చలేకపోయింది. ఐదవదీ అంతే. 1899లో ఆరవ జ్యూరీ మళ్లీ శాలీ పక్షానే చెప్పింది. 1903లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కూడా సాక్ష్యం విషయంలో జరిగిన తప్పుల మీద కొట్టివేసింది. ఏడవ విచారణ మాత్రం జరగలేదు. కంపెనీలు ఒక్కొక్కటిగా రాజీపడి డబ్బు కట్టుకున్నాయి. నడుమ కాన్సాస్ బీమా కమిషనరు కోపం వచ్చి ఆ కంపెనీలను రాష్ట్రంలో వ్యాపారమే చేయనివ్వనన్నాడు. అది వేరే కథ. లారెన్స్ శ్మశానంలో ఆ సమాధిని 2006లో తవ్వి చూశారు. ఎముకల నుంచి డి.ఎన్.ఎ. రాలేదు. అక్కడ పడుకున్నది ఎవరో శాస్త్రం కూడా చెప్పలేకపోయింది.

ఇరవై ఏళ్లు పైబడిన వ్యాజ్యం! మన కోర్టులే నయం అని ఎవరైనా అనవచ్చు. నేను అలా అనను. భర్త పోయిన ఆడమనిషి, ఎదురుగా మూడు పెద్ద కంపెనీలు. అవి ఎంత పెద్ద ప్లీడర్లను పెట్టుకున్నా, కడపటి మాట ఆ ప్రాంతపు రైతుల, దుకాణదారుల వంటి వారి చేతిలోంచి లాక్కోలేకపోయాయి. రాజీకి వచ్చారంటే ఆ భయం వల్లనే వచ్చారని నా నమ్మకం.

లాక్కోవడానికి వేరే దారులు వెదికారు. ఆ రోజుల్లో కోర్టుకు రెండు వైపులు ఉండేవి. డబ్బు ఇప్పించమనే దావా లా వైపు, అక్కడ జ్యూరీ ఉంటుంది. పత్రాన్ని రద్దు చేయమనే దావా ఈక్విటీ వైపు, అక్కడ జడ్జి ఒక్కడే. మనిషి చనిపోగానే, నామినీ డబ్బు కోసం దావా వేసేలోపే, కంపెనీ ఈక్విటీ వైపు పరుగెత్తి పాలసీ మోసంతో తీసుకున్నది, రద్దు చేయండి అని అడిగేది. జడ్జి రద్దు చేశాడంటే ఇక జ్యూరీకి తేల్చడానికి మిగిలేదేమిటి? గడువు దాటితే పాలసీని ప్రశ్నించరాదన్న షరతు ఉన్నది కనుక కంపెనీ ముందే రావడం సబబేనని 1937లో స్టూవర్ట్ అనే అతని పాలసీల కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది కూడా. 1938లో రెండు వైపులను ఒకటి చేశారు. 1959లో ఒక సినిమా హాళ్ల తగాదాలో, అంటే బీమాతో ఏమీ సంబంధం లేని కేసులో, రెండింటికీ ఒకే వాస్తవం ఆధారమైతే ముందు జ్యూరీయే తేల్చాలని, ఎవరు ముందు కోర్టుకు పరుగెత్తారన్నది లెక్క కాదని తీర్పు వచ్చింది. ఆ సినిమా హాలు కేసు బీమా నామినీలకు చేసిన మేలు ఇంతింత కాదు.

జ్యూరీలో లోపాలు లేవని చెప్పను. యూటా రాష్ట్రంలో కాంప్‌బెల్ అనే ఆయన 1981లో వరుసగా పోతున్న వ్యానులను దాటబోయి ప్రమాదానికి కారణమయ్యాడు. ఒకరు చనిపోయారు, ఒకరు శాశ్వతంగా అంగవికలురయ్యారు. బాధితులు పాలసీ పరిమితి 50 వేల డాలర్లకు రాజీకి వచ్చారు. ఆయన బీమా కంపెనీ స్టేట్ ఫార్మ్ ఒప్పుకోలేదు. కేసు ఓడింది. లక్షా 85 వేలు పైచిలుకు కట్టమన్నారు. ఇంటికి అమ్మకం బోర్డు పెట్టుకోవచ్చునని కంపెనీ ప్లీడరే కాంప్‌బెల్ దంపతులతో అన్నాడట. చివరకు కంపెనీయే మొత్తం కట్టింది కాని, ఆ దంపతులు కంపెనీ మీద దావా వేస్తే జ్యూరీ నష్టపరిహారం 26 లక్షల డాలర్లు, శిక్షగా మరో 14 కోట్ల 50 లక్షల డాలర్లు వేసింది. పరిహారాన్ని ఆ కోర్టు జడ్జే పది లక్షలకు తగ్గించాడు. శిక్ష మొత్తం మరీ అన్యాయమని 2003లో సుప్రీంకోర్టు కొట్టివేసి వెనక్కు పంపితే, యూటా కోర్టు దాన్ని సుమారు 90 లక్షలకు దించింది. కోపం వచ్చిన జ్యూరీకి సున్నాలు లెక్క ఉండవు. ఆ సున్నాలు చివరకు అందరి ప్రీమియంలోకీ ఎక్కుతాయి.

ఇప్పుడు మన పిల్లలకు పనికివచ్చే సంగతి. దయచేసి ఇది శ్రద్ధగా వినండి. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆ యజమాని ఇచ్చే ఆరోగ్య బీమా మీద ఆధారపడినవారికి ఈ జ్యూరీ హక్కు దాదాపు లేనట్లే. 1974లో ఉద్యోగుల పెన్షన్లను కాపాడటానికని ఒక చట్టం తెచ్చారు. ఎరిసా అంటారు. ఆరోగ్య బీమా, అంగవైకల్య బీమా కూడా దాని క్రిందికి వచ్చాయి. దాని క్రింద ప్రయోజనం కోసం వేసే దావా ఈక్విటీ వంటిదని, జడ్జి చాలునని ఫెడరల్ కోర్టులు చెబుతూ వచ్చాయి. మిసిసిపీలో పనిలో నడుము దెబ్బతిన్న ఒక కార్మికుడు, బీమా కంపెనీ తనను అన్యాయంగా తిప్పుతున్నదని రాష్ట్ర చట్టం క్రింద నష్టపరిహారం అడిగితే, ఎరిసా ఉండగా ఆ దారి మూసుకుపోయిందని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. రావలసిన ప్రయోజనం అడగవచ్చు, శిక్ష వేయమని జ్యూరీని అడగలేరు. ఉద్యోగులను కాపాడటానికి పెట్టిన చట్టం ఉద్యోగి చేతిలోంచి జ్యూరీని తీసుకుపోయింది. సర్కారు కొలువులో ఇటువంటి జి.ఓ.లు మనమూ చూశాము.

విచిత్రం ఏమిటంటే ప్రభుత్వ ఉద్యోగుల పథకాలకు ఎరిసా వర్తించదు. ప్రభుత్వ బడిలో పంతులమ్మకు మూసుకోని దారులు, పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీ ఇంజనీరుకు మూసుకున్నాయి. తమ డబ్బుతో తాము కొనుక్కున్న ఇంటి బీమా, కారు బీమా, జీవిత బీమాలకు కూడా ఎరిసా గొడవ లేదు. కనుక ఏ పాలసీ ఎవరి ద్వారా వచ్చిందో పిల్లలను విడివిడిగా వ్రాసి పెట్టుకోమనండి.

ఇంకొక రెండు సంగతులు. ఫెడరల్ కోర్టులో జ్యూరీ దానంతట అది రాదు. జ్యూరీ తేల్చవలసిన అంశం మీద చివరి వాదపత్రం అందిన 14 రోజులలో వ్రాతపూర్వకంగా కోరాలి. కోరకపోతే హక్కు వదులుకున్నట్లే. రెండవది, పాలసీలో తగాదాలు మధ్యవర్తికే అన్న షరతు ఉంటే కోర్టు గడప దాకా పోలేరు. బీమా పాలసీలలో అటువంటి షరతు చెల్లదని కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయి, కొన్ని చేయలేదు. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవాలి.

రెండవ ప్రశ్న, మనకెందుకు లేదు? ఇంగ్లీషువారు మనకు జ్యూరీని ఖూనీ కేసులకు తెచ్చారు గాని మన జిల్లాల సివిలు దావాలకు తేలేదు. మనుషులను నమ్మడం వాళ్లకు తమ ఊళ్లోనే చేతనైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో లా కమిషను, ఉన్న జ్యూరీని కూడా తీసివేయమన్నది. మరుసటి ఏడే బొంబాయిలో నానావతి కేసు వచ్చింది. నేవీ అధికారి, భార్య ప్రియుణ్ణి కాల్చాడు. జ్యూరీ 8–1తో నిర్దోషి అన్నది. హైకోర్టు ఒప్పుకోక శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడులో జ్యూరీ అన్న మాటే లేదు. ఒక్క పార్శీల వివాహ తగాదాలలో మాత్రం, 1936 చట్టం క్రింద, జడ్జి పక్కన వారి సమాజపు ప్రతినిధులు కూర్చునే పద్ధతి పెట్టారు.

జ్యూరీ ఉంటే కులం చూస్తారు, డబ్బుకు లొంగుతారు అని మనవాళ్లు అంటారు. కొంత నిజమే. కాని ఆ మాట ఓటు హక్కు ఇచ్చేటప్పుడూ అన్నారు. ఇచ్చాము, పనిచేస్తున్నది.

మన దగ్గర జ్యూరీకి కాస్త దగ్గరగా ఉన్నది నాకు కనబడినంతలో వినియోగదారుల కమిషను. 1986 చట్టంలో అధ్యక్షుడితో పాటు ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు మహిళ అని పెట్టారు. ఆ సభ్యులు ప్లీడర్లే కానక్కరలేదు. ప్రజావ్యవహారాలలో అనుభవం ఉన్నా చాలు. ఇప్పుడు అమలులో ఉన్న 2019 చట్టంలోనూ జడ్జి పక్కన సభ్యులున్నారు. పన్నెండుగురు లేకపోయినా, బి.పి. మాత్ర సంగతి తెలిసిన ఒక్కరైనా ఆ బల్ల మీద ఉంటారని ఆశ.

ఇటువంటిదే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో ఒకాయన ప్రయాణ ఆరోగ్య పాలసీ తీసుకుని అమెరికా వెళ్లారు. మధుమేహం ఉన్నదని దరఖాస్తులో ముందే వ్రాశారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే ఒళ్లు చెమటలు పట్టి పడిపోయే స్థితి వచ్చింది. మూడు స్టెంట్లు వేశారు. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్న సంగతి దాచారని కంపెనీ క్లెయిము తిరగ్గొట్టింది. జాతీయ కమిషను కూడా కంపెనీ మాటే నమ్మింది. మధుమేహం సంగతి తెలిసి పాలసీ ఇచ్చాక, ఇప్పుడు ఇలా మాట్లాడటం కుదరదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు న్యాయం చేసింది. నడుమ పన్నెండేళ్లు గడిచాయి. మన వయసువారికి పన్నెండేళ్లు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

న్యూజెర్సీ ఆసుపత్రి పాలైన మన సోదరి కేసులో, వైద్యం అక్కడ జరిగినా పాలసీ ఇక్కడి కంపెనీది, ఇక్కడ కొన్నది. అక్కడి జ్యూరీ మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దని వారికి చెప్పాను. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. ఫీజు లేదు, ప్లీడరు అక్కరలేదు. 2023 నవంబరు నుంచి 50 లక్షల రూపాయల దాకా ఇప్పించే అధికారం ఉన్నది. ఆయన ఇచ్చిన అవార్డుకు కంపెనీ కట్టుబడాలి, 30 రోజులలో అమలు చేయాలి. మనకు నచ్చకపోతే మనం వేరే దారి చూసుకోవచ్చు. అయితే అదే తగాదా మీద కమిషనులోనో కోర్టులోనో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ తీసుకోడు.

కమిషనుకు వెళ్లదలచినవారు రెండేళ్లలో వెళ్లాలి. మనం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. జిల్లా కమిషను పరిమితిని క్లెయిము మొత్తాన్ని బట్టి కాక మనం కట్టిన ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు కనుక మన కేసులన్నీ దాదాపు జిల్లాలోనే పడతాయి. జీవిత బీమాలో మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించరాదని 2015లో బీమా చట్టం 45వ సెక్షనును మార్చారు. ఆరోగ్య బీమా వరుసగా అరవై నెలలు నడిచాక, రుజువైన మోసం ఉంటే తప్ప, చెప్పలేదన్న కారణం మీద తిరగ్గొట్టరాదని 2024లో నియమం వచ్చింది. ఏజెంటు నింపిన దరఖాస్తు నకలు ఇంతవరకు అడిగి తీసుకోనివారు రేపే ఉత్తరం వ్రాయండి.

అంబుడ్స్‌మన్‌కు వ్రాయవలసిన ఫిర్యాదు నమూనా తెలుగులో తయారుచేసి కార్యదర్శిగారికి ఇచ్చాను. టీ విరామంలో తీసుకోవచ్చు. ఇంట్లో తిరగ్గొట్టిన క్లెయిము ఉత్తరం ఉన్నవారు దాని మీది తేదీ చూసుకోండి. అంబుడ్స్‌మన్ గడువు ఏడాది, లెక్క మన ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చిన జవాబు అందిన నాటి నుంచి, జవాబు రాకపోతే ఆ నెల గడువు ముగిసిన నాటి నుంచి మొదలవుతుంది.